ప్లగ్గు తడిసిందా, ఎండిందా?

ఆళ్లగడ్డవాడు పడవ ఇంజను గురించి రాస్తానంటే ఎవరికైనా నవ్వొస్తుంది. మాకు సముద్రం లేదు. అహోబిలం కొండల్లోంచి దిగే భవనాశినిలో ఎండాకాలం కాగితం పడవ కూడా తేలదు. కానీ నంద్యాల, ఆళ్లగడ్డ పొలాలను తడిపే కె.సి. కెనాల్‌ని మొదట తవ్వింది పడవల కోసం కూడా అన్న సంగతి మా ఊళ్లలోనే చాలామందికి తెలీదు. ఆర్థర్ కాటన్ ఆలోచనను పట్టుకుని, మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ప్రైవేటు కంపెనీ 1860ల్లో తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టింది. అక్కణ్నుంచి కడప దాకా మూడొందల కిలోమీటర్ల పైచిలుకు కాలువ తెచ్చింది. నీళ్లమ్మి కొంత, సరుకు పడవల మీద కొంత సంపాదించాలని లెక్క. పడవలు ఎక్కి దిగడానికి లాకులు కూడా కట్టారు. కంపెనీ ఆశించినంతగా రైతులు నీళ్లు కొనలేదు, పడవలూ అంతగా తిరగలేదు. 1882లో ప్రభుత్వం ఆ కాలువను కొనేసుకుంది. ఆ తర్వాత పడవల మాట మెల్లగా మరుగున పడి, కెనాల్ అంటే వరిమళ్లే అన్నట్టు అయింది.

పడవ వెనక తగిలించుకునే చిన్న ఇంజను అమెరికాలో బజారుకొచ్చేది 1882 తర్వాత ఎన్నో ఏళ్లకి. అంటే ఆ ఇంజనుకీ మా కాలువకీ కలిసే యోగం లేకపోయింది. అయినా ఆ ఇంజను మా తాలూకాకి రానే వచ్చింది. సీటు కింద మోపెడ్‌గా వచ్చింది, పత్తిచేలో మనిషి వీపు మీద మందు కొట్టే మిషనుగా వచ్చింది. పడవ వెనక కూడా ఒకసారి వచ్చింది, 2009 అక్టోబరులో. దాని సంగతి తర్వాత. ఈ మూడూ ఒకే జాతి ఇంజన్లు: టూస్ట్రోక్. ఒకదాన్ని బాగుచెయ్యడం వచ్చినవాడికి మిగతా రెండూ ముప్పాతిక వంతు వచ్చినట్టే. నేను రాయాలనుకుంటున్నది ఈ వంశం గురించి, దాన్ని చెవితో, ముక్కుతో, వేలికొసతో చదివిన మనుషుల గురించి. వాళ్ల విద్యను తెలుగులో కూర్చోబెట్టి రాసినవాళ్లు తక్కువ. ఇప్పుడు ఆ ఇంజన్లే కనుమరుగవుతున్నాయి కాబట్టి అది మాటల్లో ఉండగానే పట్టుకోవాలని నా తొందర.

ఇంజను అనగానే మనకు గుర్తొచ్చే ఫోర్‌స్ట్రోక్‌లో పిస్టన్ నాలుగుసార్లు కిందా మీదా తిరిగితే ఒకసారి మంట. గాలి లోపలికి రావడానికి ఒక తలుపు, పొగ బయటికి పోవడానికి ఒక తలుపు, ఆ తలుపులు తియ్యడానికి ఒక కామ్, దాన్ని తిప్పడానికి ఒక చెయిన్, వీటన్నిటికీ ఆయిలు పంపడానికి ఇంకో ఏర్పాటు. టూస్ట్రోక్‌లో ఇవేవీ లేవు. కదిలేవి ముఖ్యంగా మూడే: పిస్టన్, కనెక్టింగ్ రాడ్డు, క్రాంకు. ప్రతి చుట్టుకీ ఒక మంట.

రెండు దెబ్బల్లో పని ముగించే ఇంజను అంతకుముందూ ఉంది. స్కాట్లండువాడైన డ్యూగల్డ్ క్లర్క్ 1880 ప్రాంతంలో అలాంటిది చేశాడు. కానీ మిశ్రమాన్ని లోపలికి నెట్టడానికి దానికి పక్కన ఇంకో సిలిండరు కావాలి. ఇంగ్లండులో బాత్ అనే ఊళ్లో జోసెఫ్ డే అనే ఇంజనీరు 1891 నాటికి ఆ రెండో సిలిండరు అవసరం తీసేశాడు. పిస్టన్ కింద, క్రాంకు తిరిగే పెట్టె ఎలాగూ ఖాళీగానే ఉంది కదా, దాన్నే పంపుగా వాడుకున్నాడు. పిస్టన్ పైకి పోయేటప్పుడు కింది పెట్టెలోకి పెట్రోలు కలిసిన గాలి పీల్చుకుంటుంది. కిందికి దిగేటప్పుడు అది నలిగి, పక్కదారిన పైకి తన్నుకొచ్చి, కాలిన పొగను బయటికి తోసేస్తుంది. డే దగ్గర పనిచేసే ఫ్రెడరిక్ కాక్ అనే పనివాడు మరుసటి ఏడాదే దీన్ని ఇంకో మెట్టెక్కించాడు. సిలిండరు గోడకి మూడో రంధ్రం పెట్టి, లోపలికి వచ్చే దారిని కూడా పిస్టనే మూసి తెరిచేలా చేశాడు. దాంతో కవాటం అనేదే అక్కర్లేకపోయింది. డే పేరు పుస్తకాల్లో నిలిచింది, కాక్ పేరు ఆ పుస్తకాల్లోనే ఒక వాక్యం. మా ఊళ్లలో మోపెడ్లు నడిపించిన పద్ధతి మాత్రం ఈ పనివాడు చూపించిందే.

ఈ తెలివికి ఒక మూల్యం ఉంది. కింది పెట్టె పంపుగా మారిపోయింది కాబట్టి అందులో ఆయిలు నిలవుంచలేం. అందుకని ఆయిలు పెట్రోల్లోనే కలపాలి. కొంత కందెనగా పనిచేస్తుంది, కొంత కాలుతుంది, కొంత పొగగా పోతుంది. పైగా కొత్త మిశ్రమం లోపలికొచ్చే దారీ పాత పొగ బయటికెళ్లే దారీ ఒకేసారి తెరుచుకుని ఉండటం వల్ల, కార్బొరేటర్ ఉన్న పాత ఇంజన్లలో దాదాపు నాలుగో వంతు పెట్రోలు కాలకుండానే బయటికి జారిపోతుంది. ఎనభైల్లో ఏ టౌనుకైనా ఉండిన ఆ నీలం పొగ వాసన ఇదే. తిట్టుకోండి, తప్పులేదు. కానీ ఇంజను లోపలి సంగతి బయటికి తెలిసేది కూడా ఆ పొగలోంచే.

మా చిన్నమామకి ఆళ్లగడ్డలో ఒక రేకుల షెడ్డు ఉండేది. తొంభైల మొదట్లో, బడి లేనప్పుడు నా కాపురం అక్కడే. షెడ్డు ముందు మోపెడ్లు, వెనక మందు మిషన్లు. పల్లెల్నుంచి వచ్చినవాళ్లతో ఆయన మాట ఎప్పుడూ ఒకేలా మొదలయ్యేది.

"ఎప్పటినుంచప్పా?"

"పొద్దున్నుంచి కొడతాండా మామా, పలకడం ల్యా."

"ప్లగ్గు తీసి చూసినావా? తడిసిందా, ఎండిందా?"

"తడిసే ఉండాది."

"అయితే పెట్రోలు వస్తాండాది. కరెంటు జూడాల."

వైద్యమంతా ఈ ప్రశ్నలోనే ఉంది. ఇంజను పలకాలంటే మూడు కావాలి: సరైన సమయానికి నిప్పురవ్వ, సరైన పాళ్లలో పెట్రోలూ గాలీ, వాటిని గట్టిగా నలిపే కంప్రెషన్. షెడ్డు భాషలో కరెంటు, పెట్రోలు, దమ్ము. ప్లగ్గు తడిగా ఉంటే పెట్రోలు అందుతోంది, నిప్పు లేదు. పొడిగా ఉంటే పెట్రోలే రావడం లేదు: ట్యాంకు కొళాయి దగ్గర చెత్తో, ఫ్లోటు పట్టేసిందో, జెట్టులో నలుసో. సగం రోగాలు ఇక్కడే తేలిపోయేవి. ప్లగ్గును వైరుకే ఉంచి, ఇంజను ఒంటికి ఆనించి, కిక్ కొట్టి చూస్తే రవ్వ కనపడాలి. నీలంగా, చిటపటమంటూ వస్తే మంచిది. ఎర్రగా, నీరసంగా వస్తే కండెన్సరో పాయింట్లో. ఈ పరీక్ష చేసేముందు పెట్రోలు కొళాయి కట్టెయ్యడం, గుడ్డలూ డబ్బాలూ దూరంగా పెట్టడం ఆయన ఎప్పుడూ మర్చిపోలేదు.

పాయింట్లంటే మాగ్నెట్ చక్రం కింద దాక్కుని ఉండే చిన్న మీట. అది తెరుచుకున్న క్షణాన ప్లగ్గులో నిప్పు పుడుతుంది. ఆ సందు మోపెడ్లలో 0.4 మిల్లీమీటరు దరిదాపుల్లో ఉండాలి, జాన్సన్, ఎవిన్‌రూడ్ పాత ఔట్‌బోర్డుల్లో 0.5 మిల్లీమీటరు. దానికి ఫీలర్ గేజి అనే కొలత రేకులు అమ్ముతారు. మామ దగ్గరా ఒక సెట్టు ఉండేది, కానీ ఆయన చెయ్యి ముందు సిగరెట్టు పెట్టె అట్ట కోసమే పోయేది. మాగ్నెట్ చక్రానికి ఉన్న కిటికీలోంచి లోపలికి చూసి, స్క్రూ వదులు చేసి, అట్ట జొప్పించి, మళ్లీ బిగించి, "ఇప్పుడు కొట్టు" అనేవాడు. చాలా ఏళ్ల తర్వాత ఒక పాత ఔట్‌బోర్డు పైమూత తీసి చూసినప్పుడు నాకు ముందు కనిపించింది ఆ చక్రమే. అదే కిటికీ, దాని కింద అవే పాయింట్లు. కిక్‌రాడ్డుకి బదులు తాడు చుట్టి లాగుతారు, అంతే తేడా.

నిజానికి ఈ ఇంజను మొదట స్థిరపడింది పడవల్లోనే. డే పేటెంటును తీసుకున్న అమెరికా కంపెనీలు నదుల మీదా సరస్సుల మీదా తిరిగే చిన్న పడవల కోసం వేల సంఖ్యలో ఇంజన్లు చేశాయి. నార్వేలో పుట్టి విస్కాన్సిన్‌లో పెరిగిన ఓలే ఎవిన్‌రూడ్ ఆ ఇంజనును నిలువుగా నిలబెట్టి, కింద గొట్టం, గొట్టం చివర పంకా పెట్టి, మొత్తాన్ని పడవ వెనక బల్లకి బిగించేలా చేశాడు. ఎండలో సరస్సు దాటి ఐస్‌క్రీమ్ తెచ్చేసరికి కరిగిపోయిందనీ, ఆ ఉక్రోషంతో కనిపెట్టాడనీ ఒక కథ ఉంది. కథ సంగతెలా ఉన్నా, 1909లో అమ్మకానికొచ్చిన ఆ ఒకటిన్నర గుర్రాల మోటారుని జనానికి చేర్చింది ఆయన భార్య బెస్. ప్రకటనలు రాసిందీ, ఉత్తరాలకు జవాబులిచ్చిందీ, లెక్కలు చూసిందీ ఆవిడే.

పడవ ఇంజనుకి మోపెడ్‌కి లేని రెండు జబ్బులున్నాయి. ఒకటి నీళ్లది. మోపెడ్‌ని గాలి చల్లారుస్తుంది, ఔట్‌బోర్డుని అది తేలే నీళ్లే చల్లారుస్తాయి. కింది గొట్టంలో రబ్బరు రెక్కల చిన్న చక్రం ఒకటి నీళ్లను పైకి తోడుతుంది. ఎన్నాళ్లో మూలన పడున్న ఇంజనులో ఆ రెక్కలు గట్టిపడి వంకర్లు పోతాయి. అందుకే పాత ఔట్‌బోర్డు కొన్నవాడు ప్లగ్గుకంటే ముందు ఆ రబ్బరు మార్చాలి. నీళ్లు లేకుండా గట్టుమీద స్టార్ట్ చేసి మురిసిపోతే ఒక నిమిషం చాలు, రబ్బరు మాడిపోవడానికి. రెండోది పిన్నుది. ఇంజను గట్టిగా అరుస్తుంది, పడవ కదలదు. కొత్తవాడు కార్బొరేటర్ విప్పడం మొదలుపెడతాడు. తెలిసినవాడు పంకా దగ్గర షియర్ పిన్ను చూస్తాడు. పంకా రాయికి తగిలినప్పుడు లోపలి పళ్లచక్రాలు బతకడం కోసం ముందు తాను విరగడానికే పెట్టిన మెత్తటి పిన్ను అది.

తక్కిన జబ్బులన్నీ చుట్టరికమే. ట్యూనింగు అయితే మరీనూ. మామ మోపెడ్‌ని షెడ్డు ముందు నిలబెట్టి ట్యూన్ చేసేవాడు కాదు. వెనక నన్ను ఎక్కించుకుని అహోబిలం రోడ్డున పోయేవాడు. దిగువ అహోబిలం దాటి ఎగువకి ఎక్కే ఎనిమిది కిలోమీటర్లలో, ఇద్దరి బరువుతో ఇంజను రొప్పుతున్నప్పుడు ఆపి, స్క్రూ ఒక పావు చుట్టు తిప్పేవాడు. ఔట్‌బోర్డులకీ ఇదే శాస్త్రం: పీపాలో పెట్టి కుదిర్చిన ఇంజను ఏట్లోకి దిగాక వేరేలా మాట్లాడుతుంది, నీళ్ల మీద బరువుతోనే కుదర్చాలి. పెట్రోలు పాలు ఎక్కువైతే టూస్ట్రోక్ ప్రతి చుట్టుకీ పేలదు, చుట్టు విడిచి చుట్టు పేలుతుంది. ఆ శబ్దం తత్తరపాటుగా ఉంటుంది. స్క్రూ బిగించేకొద్దీ తత్తరపాటు పోయి గొంతు సాపవుతుంది. అక్కడ ఆగిపోతే కొత్తవాడు. తెలిసినవాడు మళ్లీ కొంచెం వెనక్కి వదులుతాడు. ఎందుకంటే ఈ ఇంజనులో పెట్రోలు తగ్గిందంటే ఆయిలూ తగ్గినట్టే. సాపైన గొంతు మీదే మోజుపడి ఎక్కుడు దారిన తోలితే పిస్టన్ వేడికి ఉబ్బి సిలిండర్ని పట్టుకుంటుంది. "జామ్ కొట్టింది" అంటారు.

ఇంకో చిత్రం, ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడు ఎక్కువ జాగ్రత్త కావాలి. కొండ దిగుతూ యాక్సిలరేటర్ పూర్తిగా మూసేస్తే చక్రాలు ఇంజన్ని తిప్పుతూనే ఉంటాయి, పెట్రోలు మాత్రం రాదు. పెట్రోలు లేకపోతే ఆయిలు లేదు. పెట్రోలు ఆదా అవుతుందని మురుస్తూ దిగిన బండి కింద రథం వీధి చేరేసరికి పట్టేసిందంటే ఇదే కారణం. మధ్యమధ్యలో ఒకసారి యాక్సిలరేటర్ తిప్పుతూ ఉండమని మామ యాత్రికులకు చెప్పేవాడు. కొందరు నవ్వేవాళ్లు, దిగేటప్పుడు పెట్రోలెందుకని.

ఎగువ అహోబిలం దారిలో కొబ్బరికాయల బస్తాలతో, పాల క్యాన్లతో ఎక్కిన ఆ బండ్ల వెనకున్న చరిత్ర చిన్నదేం కాదు. 1920ల్లో జర్మనీలో అడోల్ఫ్ ష్న్యూర్లె అనే ఇంజనీరు, మిశ్రమం సిలిండరు వెనక గోడకి తగిలి మెలి తిరిగి పైకి పోయేలా రంధ్రాలను ఏటవాలుగా పెట్టాడు. దాన్ని తీసుకుని జోపౌ అనే ఊళ్లోని డీకేడబ్ల్యూ కంపెనీ బైకులు చేసింది. వాటిల్లో ఆర్‌టీ 125 అనే బండిని యుద్ధం ముగిశాక గెలిచిన దేశాలన్నీ పంచుకున్నాయి. ఇంగ్లండులో బీఎస్ఏ బాంటమ్, అమెరికాలో హార్లే, రష్యాలో మాస్క్వా, అన్నీ దాని నకళ్లే. జపాన్‌లో యమహా చేసిన మొట్టమొదటి బైకు, 1955 నాటి వైఏ-1 కూడా దాని నకలే. ఆ యమహా వంశంలోదే 1985లో మన దేశంలో దిగిన ఆర్ఎక్స్ 100. నంద్యాల కుర్రాళ్లకు ఒక దశాబ్దం పాటు నిద్రపట్టనివ్వని బండి అది.

ఇంకో పాయ తూర్పు జర్మనీది. అదే జోపౌ ఊళ్లో వాల్టర్ కాడెన్ అనే ఇంజనీరు, సైలెన్సర్ పొగగొట్టం మాత్రమే కాదని గ్రహించాడు. పొగ వెనకే వెళ్లే ఒత్తిడి అల గొట్టం చివర తగిలి తిరిగొస్తుంది. గొట్టం ఆకారం సరిగ్గా ఉంటే, జారిపోబోతున్న కొత్త పెట్రోలును ఆ అలే మళ్లీ సిలిండర్లోకి నెట్టేస్తుంది. ఆయన దగ్గర పరుగుపందేల బళ్లు నడిపిన ఎర్నెస్ట్ డెగ్నర్ 1961లో స్వీడన్ పందెం నుంచి ఇటే పారిపోయి, ఆ రహస్యాలన్నీ సుజుకికి చేర్చాడు. మరుసటి ఏడే సుజుకి 50 సీసీ ప్రపంచ ఛాంపియన్ అయింది, నడిపింది డెగ్నరే. ఇరవయ్యేళ్ల తర్వాత హోసూరులోని టీవీఎస్ ఆ సుజుకితోనే చెయ్యి కలిపింది. ఇంత గూఢచర్యం నడిచిన సైలెన్సర్ని మా దగ్గరి కుర్రాళ్లు శబ్దం కోసం లోపలి గొట్టం పీకేసి, "పికప్ పెరిగింది మామా" అనేవాళ్లు. పెరిగేది శబ్దమే. మామ మాత్రం ఏడాదికోసారి సైలెన్సర్ విప్పి, నిప్పుల్లో వేసి మసిని కాల్చి, కర్రతో కొట్టి రాల్చేవాడు. బండి కొండ ఎక్కడం లేదంటే ఆయన కార్బొరేటర్ కంటే ముందు సైలెన్సర్నే అనుమానించేవాడు. కాడెన్ పేరు ఆయన విని ఉండడు.

మోపెడ్ల విషయంలో రాయలసీమకు ఒక గొప్ప ఉంది, ఎవరూ చెప్పుకోరు గానీ. 1960ల్లోనే తిరుపతిలో మోపెడ్స్ ఇండియా కంపెనీ, ఫ్రాన్సుకి చెందిన మోటోబెకాన్ సాంకేతికతతో సువేగా తయారుచేసింది. పుణెలో కైనెటిక్ వాళ్ల లూనా వచ్చింది 1972లో. ఇద్దరు కూర్చునే టీవీఎస్ 50 హోసూరు నుంచి 1980లో. స్కూటర్ కోసం పదేళ్లు వరసలో నిలబడాల్సిన రోజుల్లో ఇవి పల్లెలోకి నడుచుకుంటూ వచ్చేశాయి. పాలవాళ్లు, పూలవాళ్లు, ఆళ్లగడ్డ శిల్పులు, టీచర్లు అందరూ వాటి మీదే. విగ్రహాల రాతిదుమ్ము ఎయిర్ ఫిల్టర్లో కూరుకుపోయిన బళ్లు మామ షెడ్డుకి వచ్చేవి. ఆ దుమ్ము రింగుల్నీ బోరునీ ఉప్పుకాగితంలా అరగదీస్తుంది. కిక్ కొడితే కాలికింద ఎదురే ఉండదు. దమ్ము పోయిందన్నమాట. ఇక రీబోరుకి నంద్యాల పంపాల్సిందే.

మందు మిషన్ల దగ్గరికొస్తే నా గొంతు మారుతుంది. మా వైపు దాన్ని తైవాన్ పంపు అనేవాళ్లు. వీపున మందు డబ్బా, దాని కింద ముప్పై అయిదు సీసీల టూస్ట్రోక్, చేతిలో లావుపాటి గొట్టం. నంద్యాల పాత పత్తి సీమ. వ్యవసాయ పరిశోధనా కేంద్రం 1906 నుంచీ ఉంది. హైబ్రిడ్లు, ఆ తర్వాత ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల వైపు విత్తనపత్తి వచ్చాక చేతిపంపుతో పని తెమల్లేదు. ఇంజను కొట్టే మంచులాంటి తుంపర సాళ్లమీద దూరం పోతుంది, పని నాలుగోవంతు సమయంలో అయిపోతుంది. మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్, సైపర్‌మెత్రిన్. ఆయిలు కొలవడానికి చాలామంది వాడింది మందు సీసా మూతే. అదే చేత్తో ప్లగ్గు విప్పేవాళ్లు, అదే చేత్తో బీడీ. నల్లటి ప్లగ్గుకి ఆయిలు తగ్గించాలనీ, తెల్లటి ప్లగ్గుకి గాలి దూరుతున్న చోటు వెతకాలనీ, ఇటుకరంగు ప్లగ్గుని ముట్టుకోవద్దనీ ఆ రైతులకి తెలుసు. ఇంజను తన జబ్బుని దాచుకునేది కాదు. వీపున కారుతున్న మందు దాచుకునేది. పురుగుకి మందు ఎందుకు పనిచెయ్యడం మానేసిందో, పోయినసారి మూడుసార్లు కొడితే చాలినచోట ఈసారి పదిసార్లు ఎందుకో చెప్పే ప్లగ్గు ఆ మిషన్లో లేదు. 1997-98లో వరంగల్ పత్తిరైతుల చావులు పేపర్లో వస్తున్నప్పుడు మా షెడ్డు వెనక రిపేరుకొచ్చిన మిషన్లు వరసగా ఉండేవి. మామ వాటిని నీళ్లతో మూడుసార్లు కడిగించిగానీ ముట్టుకునేవాడు కాదు. అయినా సాయంత్రానికి కళ్లు ఎర్రబడేవి. టూస్ట్రోక్ మీద ప్రేమతో రాసేవాళ్లు ఈ పేజీని వదిలేస్తారు. ఆర్ఎక్స్ 100 జ్ఞాపకాలంత తియ్యగా ఉండదు మరి.

ఇక పడవ మాట. 2009 అక్టోబరు మొదటివారంలో తుంగభద్ర, హంద్రీ కర్నూలు నగరంలోకి వచ్చేశాయి. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద చేరింది. మిద్దెలెక్కిన జనాన్ని దించడానికి రబ్బరు పడవలు, వాటి వెనక ఔట్‌బోర్డు మోటార్లు వీధుల్లో తిరిగాయి. సహాయక దళాల భాషలో ఓబీఎం. ఊళ్లో నడిపే ఔట్‌బోర్డుకి నదిలో లేని కష్టాలన్నీ ఉంటాయి: పంకాకి చీరలూ తీగలూ చుట్టుకుంటాయి, నీళ్లు తోడే జల్లెడకి బురదా ప్లాస్టిక్కూ అడ్డం పడతాయి, నీళ్లకింద గోడ ఎక్కడుందో తెలీదు. ఆగిన ప్రతిసారీ తాడు లాగేముందు పంకా పైకెత్తి చూడాలి. తీరంలో అయితే ఇది రోజువారీ పని. కేరళలో ఎనభైల నుంచి యమహా, సుజుకి ఔట్‌బోర్డుల్ని కిరోసిన్ మీద నడిపారు. పెట్రోలుతో మొదలుపెట్టి, వేడెక్కాక కిరోసిన్‌కి మార్చి, ఒడ్డు చేరేముందు మళ్లీ పెట్రోలుకి రావాలి. ఆ ఆఖరి మార్పు మర్చిపోతే మర్నాడు పొద్దున కార్బొరేటర్ నిండా కిరోసిన్, ప్లగ్గు తడి, ఇంజను మౌనం. మన ఉత్తరాంధ్ర తీరంలో ఫైబర్ పడవల వెనక ఔట్‌బోర్డులు ఇప్పటికీ కనిపిస్తాయి.

బయటి లోకం టూస్ట్రోక్‌ని వదిలించుకోవడం 1985లో మొదలైందనుకోవచ్చు. హీరో హోండా ఫోర్‌స్ట్రోక్ బండి ఆ ఏడాదే వచ్చింది, లీటరుకి ఎంత దూరమో చూపించింది. 2000 నాటి కాలుష్య నిబంధనలతో చాలా టూస్ట్రోక్ బళ్లకి ద్వారాలు మూసుకున్నాయి. పల్లెల్లో టీవీఎస్ ఎక్సెల్ మాత్రం 2017లో బీఎస్-4 వచ్చేదాకా టూస్ట్రోక్‌గానే బతికింది. దాని ఫోర్‌స్ట్రోక్ తమ్ముడు 2015లోనే పుట్టాడు. అమెరికా, యూరప్ కూడా ఔట్‌బోర్డుల మీద నిబంధనలు బిగించి, పాత కార్బొరేటర్ టూస్ట్రోకుల్ని బజారునుంచి పంపేశాయి. పొగ విషయంలో ఈ తీర్పు న్యాయమైనదే, నాకు దానిమీద తగాదా లేదు. వాటి స్థానంలో వచ్చినవి మూత తీసి చూస్తే ఏమీ చెప్పవు. డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలుగుతుంది, దాని అర్థం కంపెనీ కంప్యూటర్‌కి తెలుస్తుంది. దీనిమీద మాత్రం ఉంది. మామ షెడ్డులో ఆఖరి పదేళ్లూ పంక్చర్లు, ఆయిల్ మార్పు. ఎవడైనా పాత బండి పట్టుకొస్తే చెయ్యి కడుక్కుని మరీ కూర్చునేవాడు.

ఈ మధ్య హైదరాబాదులో ఆర్ఎక్స్ 100ల్ని లక్షలు పోసి కొని బాగుచేయించుకుంటున్న కుర్రాళ్లున్నారు. సరస్సుల్లో చేపలు పట్టడానికి పాత ఔట్‌బోర్డులు తెచ్చుకున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు నాకే తెలుసు. వాళ్లు అడిగితే చెప్పేది ఒక్కటే: వారానికి మించి బండి ఆపుతున్నారంటే పెట్రోలు కొళాయి కట్టేసి, కార్బొరేటర్ గిన్నెలో ఉన్నది కాలి ఇంజను దానంతటదే ఆగేదాకా ఉంచండి. పడవ ఇంజనైతే నీళ్లలో ఉండగానే ఈ పని చెయ్యండి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్ ఉంది. ఇథనాల్ గాల్లోంచి తేమను లాగుతుంది. పాత రబ్బరు సీళ్లనూ డయాఫ్రమ్‌లనూ మెత్తబరుస్తుంది. నీళ్లు హద్దు దాటితే పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి దిగుతుంది, ట్యాంకు కొళాయి తాగేది ఆ అడుగునే. ఇది మామ వరసలో లేని కొత్త జబ్బు. కిక్ కొట్టి కొట్టి ప్లగ్గు విప్పి చూస్తే అది తడిసే ఉంటుంది. వేలితో తుడిచి వాసన చూడండి. పెట్రోలు వాసన లేకపోతే ఆ తడి నీళ్లది.